సింగీతం గారి సినిమాలు వరసగా చూసి డైరెక్షన్ నేర్చుకోవటం ఎలా

విజయనగరంలో మా వీధి కుర్రోళ్ళు షార్ట్ ఫిల్మ్ తీద్దాం అన్నా అని వచ్చిన ప్రతిసారీ ఏ కెమెరా కొనాలనే అడుగుతారు, నేను మాత్రం ముందు సింగీతం శ్రీనివాసరావు గారివి మూడు సినిమాలు వరసగా చూసి రండ్రా అంటాను. మాటల్లేని సినిమా, టైమ్ మెషీన్ సినిమా, జానపదం, ఏడేళ్ళలో ఈ మూడూ తీసిన గుండె ధైర్యం ఇంకెవరికుంది చెప్పండి.

మొదట పుష్పక విమానం, 1987. చూపిస్తే మావాడొకడు పావుగంటకే "ఏటన్నా, ఎవులూ మాటాడరేటి?" అన్నాడు. మాటల్లేవు గానీ సౌండ్ బోల్డంత ఉంది, అదే పట్టుకోవాలి. హీరోకి పెద్ద హోటల్ రూమ్‌లో నిద్ర పట్టదు, తన గది పక్కనున్న సినిమా హాలు గోలకి అలవాటుపడ్డాడు కాబట్టి, వెళ్ళి ఆ గోలే రికార్డ్ చేసి తెచ్చుకుని పెట్టుకుని పడుకుంటాడు. పేదరికం, అలవాటు, నవ్వు అన్నీ ఒక్క టేప్ రికార్డర్‌తో చెప్పేశారు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి సీన్‌కీ ఈ విషయం నాకెలా తెలిసింది, వస్తువు వల్లా, చూపు వల్లా, చప్పుడు వల్లా అని రాసుకోండి. రెండోసారి కళ్ళు మూసుకుని వినండి.

తర్వాత ఆదిత్య 369, 1991. రాయలవారి కాలం ఒకపక్క, 2504 ఒకపక్క. దీనికి ముగ్గురు కెమెరామెన్ పనిచేశారు, కాబట్టి కాలం మారినప్పుడు వెలుతురు, రంగు ఏం మారాయో పాజ్ చేసి చూడండి.

భైరవ ద్వీపం, 1994, దీన్లో ఒక్కటే చూడండి చాలు, బాలకృష్ణ అంత పెద్ద స్టార్‌ని కురూపిగా చూపించిన భాగం. ఫ్యాన్స్ ఏమనుకుంటారో అన్న భయం ఎక్కడా కనపడదు.

సింగీతం గారు మాయాబజార్ రోజుల్లో ఆ సినిమా డైరెక్టర్ కె.వి.రెడ్డి గారి దగ్గర పనిచేశారు. రెడ్డి గారు షూటింగ్‌కి ముందే సీన్‌కి ఎంత టైమ్ పడుతుందో స్టాప్‌వాచ్‌తో కొలిచేవారట, మీ ఫోన్‌లో కూడా అది ఉంది కదా, వాడండి. సీన్ నటించి చూసుకుని నిమిషం దాటితే కొయ్యండి.

ఇప్పుడు మీ వంతు. మూడు నిమిషాలు, ఒక్క మాట ఉండకూడదు. మేం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తీశాం, పలాస బస్సు మిస్సయిన పెద్దాయన కథ. ఫోన్ మైక్‌లో గాలి తప్ప ఏం రాలేదు, తిరిగి వెళ్ళి బస్సు హారన్, కండక్టర్ విజిల్, టీ కొట్టు గ్లాసులు విడివిడిగా దగ్గర్నుంచి రికార్డ్ చేసి ఎడిటింగ్‌లో కలిపాం. మీరు మొదటి రోజే చప్పుళ్ళు విడిగా తీసుకోండి, పొద్దున్న ఆరింటికి వెళ్తే జనం తక్కువుంటారు, ఒక్కో చప్పుడూ శుభ్రంగా వస్తుంది.