బూట్ల మీది రంగు మడత దగ్గర పగలకుండా: నా అనుభవం

నల్లగొండలో పిల్లల కోసం బూట్లకు రంగులు వేసే కార్యక్రమానికి స్వచ్ఛందంగా చిత్రకారిణిగా వెళ్లినప్పుడు, తెల్ల క్యాన్వాసు బూటుపై నేను వేసిన పోచంపల్లి ఇక్కత్ నమూనా, పాప నాలుగడుగులు వేయగానే వేళ్ల మడత దగ్గర పొలుసులుగా లేచిపోయింది. చిక్కటి పూత, పైన వార్నిష్, ఎండలో ఆరబెట్టడం ఏవీ పనిచేయలేదు.

చివరికి బూటును తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక లోపల పాత వార్తాపత్రికలు గట్టిగా కుక్కి, అక్రిలిక్ రంగులో ఫ్యాబ్రిక్ మీడియంను (రంగు బట్టపై ఆరాక బిరుసెక్కకుండా కలిపే ద్రవం) సీసాపై చెప్పిన పాళ్లలో కలిపి, బట్ట నేత కనిపించేంత పలుచగా మొదటి పూత వేశాను. అది ఆరాక కాగితాలు తీసి, బూటును చేత్తో రెండుమూడుసార్లు వంచి, పగులు రాలేదని చూశాకే రెండో పూత వేశాను; నా దృష్టిలో అసలు కిటుకు ఈ వంచి చూడడమే. మర్నాడు రంగు బట్టకు గట్టిగా పట్టేందుకు, పైన నూలుగుడ్డ పరిచి, రబ్బరు అంచుకు తగలకుండా వేడి ఇస్త్రీపెట్టె అద్దాను.

ఇది క్యాన్వాసుకే చెప్పగలను. రెక్సిన్ రంగును పీల్చుకోదు కనుక దానికీ సరిపోతుందని అనను.