ఆటోక్రాస్ కారు మన చేతులతో – మూడో పాఠం: టైరు, గాలి, అలైన్‌మెంట్

గత రెండు పాఠాల్లో బండి ఎంచుకోవడం, కింద తుప్పు వెతకడం, అక్కర్లేని బరువు దించేయడం పూర్తి చేశాం. ఉదాహరణకి మనం తీసుకున్న బండి పాత పెట్రోల్ స్విఫ్ట్. మన విశాఖ గాజువాక ఆటోనగర్‌లో దీని సామాను దొరకనిదంటూ ఉండదు, దీన్ని విప్పి బిగించని మెకానిక్ కూడా ఉండడు. నేర్చుకునే బండికి అంతకన్నా ఏం కావాలి?

ఈసారి ఇంజిన్ పాఠం వస్తుందని చాలామంది ఎదురుచూసి ఉంటారు. అది ఇప్పట్లో రాదు. ఆటోక్రాస్‌లో కోన్ల మధ్య ఒక్కో కారూ విడిగా గడియారంతో పోటీ పడుతుంది. రన్ మొత్తం దాదాపు సెకండ్ గేర్లోనే అయిపోతుంది. నేరుగా తొక్కే చోటు తక్కువ, మలుపులు ఎక్కువ. కాబట్టి టైమ్ కలిసొచ్చినా పోయినా మలుపుల్లోనే. ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండిలో బ్రేకు భారం ఎక్కువగా మోసేదీ, తిప్పేదీ, లాగేదీ ముందు రెండు టైర్లే. వాటికి పట్టు లేకుండా ఇంజిన్ పవర్ పెంచితే ఆ పవర్ టైరు జారడానికే ఖర్చవుతుంది. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మార్చడానికి దాచుకున్న డబ్బు ఉంటే దాన్ని టైర్లకి మళ్లించండి. ఇది నా గట్టి అభిప్రాయం.

ముందు కొలత

ఏదైనా మార్చే ముందు ఇప్పుడున్న పట్టు ఎంతో తెలియాలి. దానికి ఖాళీ స్థలం కావాలి. బీచ్ రోడ్డు, భీమిలి రోడ్డు తెల్లవారుజామున ఖాళీగా కనిపిస్తాయి, కానీ అవి పనికిరావు. పబ్లిక్ రోడ్డు మీద వేగం పరీక్షించడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడు నెలల వరకూ జైలు, లేదా 5,000 రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అటుంచినా, ఆ టైములో అక్కడ నడకకొచ్చే పెద్దవాళ్లు ఉంటారు. ఆనందపురం వైపో, అనకాపల్లి వైపో తెలిసినవాళ్ల గోడౌన్ ముందు తారు గచ్చు ఉంటే యజమానిని అడిగి, ఒప్పుకుంటేనే వెళ్లండి. మధ్యలో స్తంభాలు, అంచున గుంటలు ఉండకూడదు.

మధ్యలో ఒక మేకు, దానికి 14 మీటర్ల తాడు. ఆ తాడు చివర పట్టుకుని చుట్టూ తిరుగుతూ కోన్లు పెట్టండి. కోన్ల బయటి పక్కనే ఆనుకుని తిరిగితే కారు నడిమధ్య గీసే వృత్తం వ్యాసార్థం దాదాపు 15 మీటర్లు అవుతుంది. సెకండ్ గేర్లో మెల్లగా వేగం పెంచుతూ, ముందు టైర్లు ఇక కోన్లని అంటిపెట్టుకోలేక బయటికి జారబోయే చోట ఆ వేగాన్ని నిలపండి. పక్కనున్న మనిషి స్టాప్‌వాచ్‌తో ఒక చుట్టు టైమ్ తీయాలి. 60ని ఆ సెకన్ల వర్గంతో భాగిస్తే పట్టు ఎన్ని 'జి'లో వచ్చేస్తుంది (ఒక జి అంటే భూమి ఆకర్షణకి సమానమైన బలం). 9 సెకన్లు పడితే 60ని 81తో భాగిస్తాం: 0.74 జి. అదే 8.7 సెకన్లకి దిగితే 0.79. చూడ్డానికి మూడు పదో వంతులే, కానీ మలుపులో ఇది పెద్ద తేడా. ఇంతా చేసి వేగం గంటకి 40 కిలోమీటర్లు కూడా దాటదు, కాబట్టి కొత్తవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. అయినా హెల్మెట్, సీటు బెల్టు తప్పనిసరి.

కుడి చుట్టు మూడుసార్లు, ఎడమ చుట్టు మూడుసార్లు తీసి నోట్‌బుక్‌లో విడివిడిగా రాయండి. డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి రెండూ కాస్త తేడాగా వస్తే కంగారు పడొద్దు. మరీ తేడా వస్తే అలైన్‌మెంట్‌నో, అరిగిన సస్పెన్షన్ రబ్బరు బుష్‌నో అనుమానించాలి.

టైరు

టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. మన ఊళ్లో అపార్ట్‌మెంట్ సెల్లార్లలో తక్కువ తిరిగి, ఎక్కువ నిలబడిన బండ్లు చాలా ఉన్నాయి. గాడి నిండుగా ఉందని వాటి టైర్లని నమ్మొద్దు. గోరుతో నొక్కి చూడండి, కొత్త టైరుకి గోరు కాస్త దిగుతుంది, ఎండిపోయిన రబ్బరు మీద గీత కూడా పడదు. ఐదారేళ్లు దాటిన టైరు ఎంత గాడి ఉన్నా పోటీకి పనికిరాదు.

కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. అది తగ్గేకొద్దీ సాధారణంగా రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, అరుగుదల తొందర. ఆ అంకె ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకునేది, కాబట్టి ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చుకోవడానికే వాడండి. కొనేముందు మీరు దిగబోయే పోటీ మట్టి మీదో, తారు మీదో కనుక్కోవాలి. మన దేశంలో ఆటోక్రాస్ రెండిటి మీదా జరుగుతుంది, ఒకదానికి కొన్న టైరు రెండోదానికి దండగ. ఈ పాఠం తారుకే.

సైజు లెక్క కూడా చూద్దాం: మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ అంగుళాల్లో. స్విఫ్ట్ పై మోడల్‌కి వచ్చే 185/65 ఆర్15 టైరు మొత్తం ఎత్తు 621 మిల్లీమీటర్ల పైచిలుకు. 195/55 ఆర్15 వేస్తే 595. ఎత్తు 4 శాతం తగ్గింది కాబట్టి ప్రతి గేరూ ఆ మేరకు పొట్టిదైనట్టే, మలుపులోంచి లాగుడు పెరుగుతుంది. ఇంజిన్ ముట్టుకోకుండా వచ్చిన లాభం ఇది. అయితే స్పీడోమీటరు అసలు వేగం కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఈ సెట్టు పోటీ రోజుకే. రోడ్డు మీద నడిపేటప్పుడు కంపెనీ ఆ బండికి ఇచ్చిన సైజులే ఉంచండి.

గాలి

ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చేది గాలి. బంకుల్లో గేజ్‌లు ఒకదానికొకటి పొంతన ఉండవు, కాబట్టి మంచి గేజ్ ఒకటి సొంతానికి కొనుక్కోండి. గాలి పొద్దున్నే, బండి నీడలో ఉండగా చూడాలి. టైరు వేడి పది డిగ్రీలు పెరిగితే ప్రెషర్ దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. మే నెలలో మన ఎండకి బండి ఒక పక్కకి కాగుతూ నిలబడితే, ఆ పక్క టైర్లు రెండూ మీరు తాకకుండానే వేరే లెక్క చూపిస్తాయి.

డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న ప్రెషర్ సౌకర్యం కోసం, మైలేజీ కోసం చూసి పెట్టింది. గట్టిగా తిప్పినప్పుడు ఆ గాలికి టైరు పక్కగోడ మడతపడి, నడవకూడని అంచు నేలకి రాసుకుంటుంది. ముందు టైర్లలో స్టిక్కర్ కన్నా ఆరు పీఎస్ఐ ఎక్కువతో మొదలుపెట్టండి. టైరు పక్కన రాసిన గరిష్ఠ ప్రెషర్ మాత్రం ఎప్పుడూ దాటొద్దు.

ఇప్పుడు సుద్దముక్క తీయండి. టైరు భుజం మీద, గాడి ముగిసి పక్కగోడ మొదలయ్యే చోట చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. ఉదయపు ఎండ ఏటవాలుగా పడేలా తిప్పి చూస్తే బాగా కనిపిస్తుంది. ఆ గుర్తు మీదుగా గాడి నుంచి పక్కగోడ దాకా వేలెడు వెడల్పున సుద్దతో గీత గీయండి. చక్రానికి మూడు చోట్ల అలా గీసి, గుండ్రంలో రెండు పక్కలకీ తిప్పి వచ్చి వంగి చూడండి. సుద్ద త్రికోణం కొన దాకా చెరిగి అక్కడ ఆగితే గాలి సరిపోయింది. కొన దాటి పక్కగోడ మీద కూడా చెరిగిందంటే టైరు ఒరిగిపోతోంది, రెండు పీఎస్ఐ కలపండి. త్రికోణం చేరకముందే సుద్ద మిగిలిపోతే రెండు తీయండి. మళ్లీ గీసి మళ్లీ తిరగండి. ఈ ఒక్క పని కోసం ఒక పొద్దుటిపూట మొత్తం కేటాయించినా తప్పులేదు.

వెనక టైర్ల సంగతి వేరు. మన స్విఫ్ట్ సహజంగా ముందు జారే బండి. వెనక గాలి రెండేసి పీఎస్ఐ పెంచుతూ పోతే తోక కాస్త తేలికై, ముక్కు బాగా తిరుగుతుంది. మరీ పెంచితే మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలేసరికి వెనక భాగం ఊడ్చుకుంటూ బయటికి వస్తుంది. కొత్తవాళ్లు ఆ అంచుకి దూరంగా ఆగండి.

అలైన్‌మెంట్

అలైన్‌మెంట్ సెంటరుకి వెళ్లే ముందు చక్రాల్లో వదులు (ఆట) ఉందేమో చూసుకోవాలి. ముందు చక్రం జాకీ మీద లేపి, కింద స్టాండ్ పెట్టాకే చెయ్యి పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలిందంటే బేరింగో, బాల్ జాయింటో పోయింది. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదిలిందంటే టై రాడ్ ఎండ్ చూడాలి. ఇవి మార్చకుండా చేసిన అలైన్‌మెంట్ రెండో రోజుకే పోతుంది.

లాసన్స్ బే, ఎంవీపీ వైపు ఉప్పుగాలి తిన్న బండ్లలో స్ట్రట్ (ముందు చక్రం స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు భాగం) కింది బోల్టులు మొండికేస్తాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. ఎండిన బోల్టు మీద పొడుగు రాడ్ వేసి బలం చూపిస్తే తల తెగి చేతికొస్తుంది.

ముందునుంచి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటే అది నెగటివ్ క్యాంబర్. మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటి చక్రం నేలతో పోలిస్తే బయటికి వాలిపోతుంది, టైరు వెలుపలి అంచు ఒక్కటే పనిచేస్తుంది. ముందే కాస్త లోపలికి వాల్చి పెడితే ఒరిగిన సమయానికి టైరు తిన్నగా నిలబడుతుంది. స్విఫ్ట్‌లో క్యాంబర్ సర్దుబాటు కంపెనీ ఇవ్వలేదు. స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రం హబ్‌ని మోసే భాగానికి) పట్టే రెండు బోల్టుల్లో ఒకదాని స్థానంలో క్యాంబర్ బోల్టు వేస్తే ఒక డిగ్రీ, ఒకటిన్నర డిగ్రీ దాకా దొరుకుతుంది. రెండు పక్కలా సమానంగా వాల్చండి. ఆ క్యాంబర్ బోల్టుని దాని తయారీ కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి, చేతి అంచనా పనికిరాదు.

క్యాంబర్ మారగానే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో, బయటికో తిరిగి ఉండే తీరు) కూడా మారుతుంది. అందుకే ముందు క్యాంబర్, తర్వాతే టో. ముందు చక్రాల టో సున్నాకి పెట్టండి, లేదా రెండూ కలిపి ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి. బండి చటుక్కున తిరుగుతుంది. కానీ ఆ బయటి టోతో హైవే మీద స్టీరింగ్ నిలకడగా ఉండదు, టైరు లోపలి అంచు తినేస్తుంది. రోజూ ఆఫీసుకి తీసుకెళ్లే బండి అయితే సున్నా చాలు.

సెంటర్‌లో కుర్రాడు స్క్రీన్ మీద అన్నీ పచ్చగా రాగానే "అయిపోయింది సార్" అంటాడు. ఆ పచ్చరంగు కంపెనీ పరిమితి మాత్రమే, అందులో ఈ కొసకీ ఆ కొసకీ చాలా దూరం ఉంది. "బాబూ, పచ్చ చాలదు, నాకు ఈ నంబరే కావాలి" అని మీకు కావలసిన క్యాంబర్, టో నంబర్లు రాసిన చీటీ చేతిలో పెట్టండి. డ్రైవర్ సీట్లో మీ బరువున్న మనిషిని కూర్చోబెట్టి, ట్యాంకు సగం ఉంచి చేయించండి. చివర్లో ప్రింటు అడిగి తీసుకుని నోట్‌బుక్‌లో అంటించండి.

ఈ వారం పని

కోన్ల గుండ్రానికి మళ్లీ వెళ్లి టైమ్ తీయండి. టైర్లు మార్చాక ఒకసారి, గాలి సర్దాక ఒకసారి, అలైన్‌మెంట్ అయ్యాక ఒకసారి. మూడూ ఒకే రోజు కలిపేస్తే ఏది ఎంత ఇచ్చిందో ఎప్పటికీ తేలదు. ప్రతి కొలత పక్కన ఆ రోజు ఎండ, గచ్చు తడా పొడా అన్నది రాయండి.

వచ్చే పాఠం బ్రేకులు. ఈలోగా డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్త సీసా ఒకటి కొని పెట్టుకోండి, సీలు మాత్రం తీయొద్దు. కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఆగాలి. తేమ పీల్చుకున్నాక ఆ కనీస పరిమితి 155కి పడిపోతుంది. సముద్రం పక్కన సీసా విప్పి ఉంచడం ఎందుకు వద్దంటున్నానో పెడల్ మెత్తబడే విషయం దగ్గర వివరంగా చూద్దాం.