రిపోర్టులో మాట, చీటీలో మందు: విప్పి చదవడం ఎలా

వైద్యంలో వాడే మాట ఎంత పొడుగున్నా తోక నుంచి చదవాలి. ఏం జరిగిందో తోక చెబుతుంది, ఎక్కడ జరిగిందో నడుము చెబుతుంది, ఎంత, ఏ వైపు, ఎలా అన్నది తల చెబుతుంది. ‘పెరికార్డైటిస్’ తీసుకోండి. చివర ‘ఐటిస్’ అంటే ఇన్‌ఫ్లమేషన్, అంటే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, నొప్పి పుట్టడం. మధ్యలో ‘కార్డ్’ అంటే గుండె. ముందున్న ‘పెరి’ అంటే చుట్టూ. గుండె చుట్టూ ఉండే పొరకు ఇన్‌ఫ్లమేషన్ వచ్చిందని అర్థం. ఇలా నాలుగైదు మాటలు విప్పి చూస్తే చెయ్యి తిరుగుతుంది. డయాబెటిస్ చివర కూడా ‘టిస్’ ఉంది కదా అనకండి, అది ఈ కుటుంబం కాదు.

ఆపరేషన్ కాగితాల్లో తోకలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ‘ఎక్టమీ’ అంటే తీసెయ్యడం, ‘ఒటమీ’ అంటే కోసి తెరవడం, ‘ఒస్టమీ’ అంటే బయటికి దారి పెట్టడం, ‘స్కోపీ’ అంటే గొట్టం పంపి లోపల చూడటం. పెద్దపేగు విషయంలో కొలెక్టమీ అంటే పేగునో, అందులో కొంత భాగాన్నో తీసేశారు. కొలోస్టమీ అంటే పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించారు. కొలోనోస్కోపీ అంటే చూశారు, అంతే.

పరీక్షల కాగితాల్లో మాట చివర తోకగా ‘ఈమియా’ ఉంటే రక్తంలో, ‘యూరియా’ ఉంటే మూత్రంలో (రక్తపరీక్షలో విడిగా కనిపించే ‘యూరియా’ ఈ తోక కాదు). హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. ఫోనులో వింటే ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి, కాబట్టి ‘ఎక్కువా, తక్కువా?’ అని తెలుగులోనే అడిగి రాసుకోండి. నడుములో ‘కలీ’ ఉంటే పొటాషియం, ‘కాల్సీ’ ఉంటే కాల్షియం, ‘నాట్రీ’ ఉంటే సోడియం. హైపర్‌కలీమియాను కాల్షియం ఎక్కువైందని చదువుకుంటే మొత్తం తలకిందులే: పొటాషియం బాగా పెరిగితే గుండె లయ దెబ్బతింటుంది.

‘ఒమా’ కనిపించగానే క్యాన్సర్ అని గుండె జారిపోనక్కర్లేదు. లైపోమా కొవ్వు గడ్డ, సాధారణంగా హాని చెయ్యదు. హెమటోమా అంటే రక్తం ఒకచోట చేరి గూడు కట్టడం. గ్లకోమాలో గడ్డే ఉండదు, అది కంటినరం దెబ్బతినే జబ్బు. మెలనోమా, లింఫోమా మాత్రం క్యాన్సర్లే. కాబట్టి తోకతో ఆగిపోకుండా పక్కన ‘బినైన్’ అని ఉందా, ‘మాలిగ్నెంట్’ అని ఉందా చూడండి. మొదటిది క్యాన్సర్ కానిది, రెండోది క్యాన్సర్.

తెలుగులో రాసుకునేవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ‘ఇలియం’ అని మనం రాసేవి రెండు. ఇంగ్లీషులో మూడో అక్షరం ‘ఈ’ అయితే అది చిన్నపేగు చివరి భాగం, ‘ఐ’ అయితే తుంటి దగ్గర రెక్కలా పరుచుకున్న ఎముక. డిస్‌ఫేజియా, డిస్‌ఫేసియా కూడా అంతే: మొదటిది మింగడం కష్టం కావడం, రెండోది మాటలు పేర్చడం, అర్థం చేసుకోవడం కష్టం కావడం. ఇలాంటిచోట తెలుగులో రాసుకున్నది చాలదు, అసలు కాగితం దగ్గర పెట్టుకోవాలి.

ఇక ఎక్కువ పొరపాట్లు జరిగేది కొరుకుడు పడని ఇంగ్లీషు మాటల దగ్గర కాదు, రోజూ వాడే తెలుగు మాటల దగ్గర. ‘నరం’ అంటాం. కాలి మీద నీలంగా మెలికలు తిరిగి ఉబ్బినవీ నరాలే, చెయ్యి తిమ్మిరెక్కితే పట్టేసిందనేదీ నరమే. మొదటిది సిర, రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే గొట్టం. రెండోదే అసలైన నరం, స్పర్శను, కదలికను నడిపేది. ‘నరాల జబ్బు’ అని చెప్పి ఊరుకుంటే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో కూడా తేలదు. ‘వాపు’దీ అదే కథ. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటే నీరు పట్టడం, అంటే ఎడీమా. ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉంటే ఇన్‌ఫ్లమేషన్. దాన్ని ఇన్‌ఫెక్షన్ అని కూడా అనెయ్యకండి, క్రిములు లేకుండా కూడా ఇన్‌ఫ్లమేషన్ వస్తుంది. ‘కాలు నొప్పి’ అంటే తొడా, పిక్కా, పాదమా? ‘మడమ’ అని చాలామంది చూపించేది చీలమండను. మడమ పాదం వెనక భాగం, చీలమండ పాదం కాలితో కలిసే కీలు. ఎక్స్‌రే తీసే చోటు మారిపోతుంది కాబట్టి వేలు పెట్టి చూపించడం మేలు.

‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్న మాట ఇంకా పెద్ద మూట. అందులో కనీసం మూడున్నాయి. గది గిర్రున తిరుగుతున్నట్టు ఉంటే వెర్టిగో, ఎక్కువగా లోపలి చెవి సమస్య. లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మి పడిపోతానేమో అనిపిస్తే అది స్పృహ తప్పబోయే ముందు స్థితి, బీపీ, గుండె వైపు చూడాలి. తల బాగానే ఉండి నడకలో తూలుతుంటే సమతూకం తప్పడం. చెప్పేటప్పుడు మూడు వివరాలు చాలు: ఏం తిరుగుతోంది, ఎంతసేపు ఉంటోంది, ఏ కదలికతో మొదలవుతోంది. మంచం మీద పక్కకు ఒత్తిగిల్లగానే నిమిషం లోపు గిర్రున తిరిగి ఆగిందంటే, ఆ ఒక్క వాక్యమే డాక్టరుకు సగం దారి చూపిస్తుంది. హఠాత్తుగా మొదలై, మూతి వంకర, మాట తడబాటు, ఒకవైపు చేతిలో బలం తగ్గడం తోడైతే మాటలు వెతుక్కుంటూ కూర్చోకూడదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇంద్రియాల మాటల్లోనూ ఇలాగే విడదీయాలి. తాడును చూసి పామనుకుంటే ఇల్యూజన్: వస్తువుంది, గుర్తింపు తప్పింది. ఏమీ లేనిచోట పాము కనిపిస్తే హాల్యూసినేషన్. తనను చంపడానికే పామును వదిలారని, ఎంత రుజువు చూపినా వదలకుండా నమ్మితే డెల్యూజన్, అది చూపు కాదు, నమ్మకం. చర్మం మొద్దుబారి తాకినా తెలియకపోవడం ఒకటి, సూదులు గుచ్చినట్టు చిమచిమలాడటం ఇంకొకటి, రెండోది పారస్తీసియా. దుప్పటి తగిలినా నొప్పి పుడితే అలోడీనియా. ఫోటోఫోబియాలో ‘ఫోబియా’ ఉన్నా భయమేమీ లేదు, వెలుతురు చూడలేకపోవడం.

రిపోర్టులో ముందు ‘ఇంప్రెషన్’ దగ్గరికి వెళ్లండి, సారమంతా అక్కడుంటుంది. ‘నెగటివ్’ అంటే వెతికింది కనబడలేదని. ‘ఎక్యూట్’ అంటే తీవ్రమైనదని కాదు, ఈమధ్యే మొదలైందని. ‘క్రానిక్’ అంటే చాలాకాలంగా ఉన్నది. ‘ఇడియోపతిక్’ అంటే కారణం తెలియలేదని మర్యాదగా చెప్పడం. కుడి, ఎడమ రోగివే, ఫిల్ము చూసేవాళ్లవి కావు.

మందుల జెనరిక్ పేర్లకూ, అంటే కంపెనీ పెట్టుకున్న పేరు కాక మందు అసలు పేర్లకూ, తోకలుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పేర్ల మొదటి జాబితాను 1953లో వెలువరించింది. ‘ప్రిల్’ (రామిప్రిల్), ‘సార్టాన్’ (టెల్మిసార్టాన్), ‘డిపిన్’ (ఆమ్లోడిపిన్) బీపీ మందులు. ‘ప్రిల్’ వాడేవాళ్లలో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది, దానికి సిరప్ తాగుతూ కూర్చోకుండా డాక్టరుకు చెప్పాలి. ‘సిల్లిన్’ అంటే పెన్సిలిన్ కుటుంబం: ఒకదానికి ఎలర్జీ ఉంటే ఆ తోకున్న ప్రతి మందు దగ్గరా చెప్పితీరాలి. తోక మోసం చేసేచోట్లూ ఉన్నాయి. అటోర్వాస్టాటిన్ కొలెస్ట్రాల్‌కు, నిస్టాటిన్ ఫంగస్‌కు. పాంటోప్రజోల్ కడుపులో యాసిడ్‌ తగ్గించడానికి, అరిపిప్రజోల్ మానసిక వ్యాధులకు.

చీటీలో ‘బీడీ’ అంటే రోజుకు రెండుసార్లు, ‘టీడీఎస్’ మూడుసార్లు, ‘హెచ్‌ఎస్’ పడుకునే ముందు, ‘ఎస్‌ఓఎస్’ అవసరమైతేనే. ఈ చివరిదానికి రోజుకు ఎన్నిటికి మించకూడదో అడిగి రాయించుకోండి. మెథోట్రెక్సేట్ మాత్ర కీళ్ల జబ్బుకు ఇస్తే వారానికి ఒక రోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి చీటీ మీద ఏ రోజు వేసుకోవాలో (సోమవారమా, మంగళవారమా) రాసి ఉండాలి. థైరాయిడ్ మాత్రలు మైక్రోగ్రాముల్లో ఉంటాయి. 50 మైక్రోగ్రాములంటే 0.05 మిల్లీగ్రాములు, 50 మిల్లీగ్రాములు కాదు. చుక్కలమందు చీటీలో ‘ఓడీ’ కనిపిస్తే రోజుకు ఒకసారి అనుకుని వెళ్లిపోకండి. కంటి డాక్టర్ల రాతలో అది కుడికన్ను కూడా.