బ్యాక్‌బోన్‌లో మోడల్ లోపల మోడల్: ఆర్డర్‌లో అడ్రస్‌ను ఇమడ్చడం

హైదరాబాద్‌లో ఇళ్లకు భోజనం పంపే వెబ్ యాప్‌ను బ్యాక్‌బోన్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో రాస్తున్నారనుకోండి. ఆర్డర్ ఒక మోడల్ (డేటాను దాచుకుని, అది మారితే ఈవెంట్‌తో తెలిపే ఆబ్జెక్ట్), అందులో అడ్రస్: ఫ్లాట్ నంబరు, కాలనీ, ల్యాండ్‌మార్క్, పిన్. అమీర్‌పేట 500016 కాస్తా మాదాపూర్ 500081 అయినప్పుడు ఆ మార్పు తెర మీదికి రావాలి. లేకపోతే డెలివరీకి వెళ్లినవాళ్లు మైత్రీవనం దగ్గర నిలబడి ఫోన్ చేయాల్సి వస్తుంది.

చాలామంది అడ్రస్‌ను మామూలు ఆబ్జెక్ట్‌గా ఆర్డర్‌లో పెట్టేస్తారు. గెట్‌తో తీసి, పిన్ మార్చి, మళ్లీ సెట్ చేస్తారు. చేంజ్ ఈవెంట్ రాదు. గెట్ చేతికిచ్చేది నకలు కాదు, అసలు ఆబ్జెక్టే. మీరు దాన్నే మార్చేశారు కాబట్టి సెట్ పోల్చి చూసేసరికి పాతదీ కొత్తదీ ఒకటే.

అందుకే అడ్రస్‌కు విడిగా మోడల్ రాయండి. దాన్ని ఆట్రిబ్యూట్లలో (గెట్, సెట్ పనిచేసే విలువల్లో) కాకుండా ఆర్డర్ మీదే ఒక ప్రాపర్టీగా ఉంచండి. కొత్త మోడల్‌కు ముందే ఇచ్చే విలువలుండే డిఫాల్ట్స్‌లో మాత్రం పెట్టకండి: డిఫాల్ట్స్ ఫంక్షన్ కాకుండా ఆబ్జెక్ట్ అయితే ఒకే అడ్రస్‌ను అన్ని ఆర్డర్లూ పంచుకుంటాయి.

అసలు పనంతా పార్స్‌లో, అంటే సర్వర్ జవాబును ఆట్రిబ్యూట్లుగా మార్చే ఫంక్షన్‌లో ఉంది. సర్వర్ జవాబులో అడ్రస్ ఉంటే, లోపలి మోడల్ ఇప్పటికే ఉందా అని ముందు చూడండి. ఉంటే దాని మీదే సెట్ చేయండి, లేకపోతేనే కొత్తది సృష్టించండి. ప్రతిసారీ కొత్తది చేస్తే పాతదాన్ని వింటున్న వ్యూలన్నీ (తెర మీద చూపే భాగాలు) మూగబోతాయి. ఆ తర్వాత అడ్రస్‌ను తీసేసిన నకలును రిటర్న్ చేయండి. సర్వర్ ఒట్టి 204 (లోపల ఏమీ లేని జవాబు) పంపితే పార్స్‌కు ఏమీ అందదు, ఆ తనిఖీ మొదటి వరుసలోనే ఉండాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. న్యూతో ఆర్డర్ మోడల్‌ను సృష్టించేటప్పుడు పార్స్ ట్రూ అని ఇస్తేనే పార్స్ నడుస్తుంది, అదీ మోడల్ తయారయ్యేటప్పుడు నడిచే ఇనిషియలైజ్ ఫంక్షన్ కంటే ముందు. కాబట్టి ఇనిషియలైజ్‌లో అడ్రస్‌ను గుడ్డిగా సృష్టిస్తే పార్స్ నింపినది తుడిచిపెట్టుకుపోతుంది. లేనప్పుడే చేయండి.

లోపలి మోడల్ ఈవెంట్లు వాటంతటవి పైకి రావు. మోడళ్ల జాబితా అయిన కలెక్షన్‌కు ఉన్న ఆ సౌకర్యం మోడల్‌కు లేదు. ఇనిషియలైజ్ చివర ఈవెంట్లను వినే లిజన్‌టు పెట్టి, అడ్రస్ మారినప్పుడు ఆర్డర్ మీద 'చేంజ్:అడ్రస్' ట్రిగ్గర్ చేయండి. సర్వర్ నుంచి డేటా తెచ్చే ఫెచ్ వేళ ఇది ఆర్డర్ మిగతా ఆట్రిబ్యూట్లు మారకముందే పేలుతుంది. అందుకని వినే ఫంక్షన్ అడ్రస్‌నే చదవాలి, మొత్తం బిల్లును కాదు.

మోడల్‌ను సర్వర్‌కు పంపే రూపంలో ఇచ్చే టుజేసన్‌ను కూడా మార్చి రాసి, అడ్రస్ టుజేసన్‌ను అందులో కలపండి. లేదంటే సేవ్ చేసినప్పుడు అడ్రస్ లేని ఆర్డర్ సర్వర్‌కు పోతుంది. కొంత భాగాన్నే పంపే ప్యాచ్‌తో సేవ్ చేస్తే టుజేసన్ పక్కకు పోయి, మీరిచ్చిన ఆట్రిబ్యూట్లే వెళ్తాయి. అప్పుడు అడ్రస్‌ను మీరే చేత్తో జతచేయాలి.