కొత్త మాట వినబడితే సంఘం ఏం చేయాలి: ఒక పాత సెక్రటరీ చెప్పే పద్ధతి

మాది గుంటూరు జిల్లాలో మిరప పండే ఊరు. మా చర్చికి 17 ఏళ్లు సెక్రటరీగా చేశాను. అన్నేళ్లలో కమిటీలో నేను ఎక్కువసార్లు అన్న మాట, "మన సంఘంలో ఆ అలవాటు లేదండీ." కొత్త ఆలోచనను ఎలా తొక్కేస్తారో నాకు బాగా తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

ముందు లెక్క తీయండి. ఎంతమంది వచ్చారని కాదు, ఎవరు రావడం లేదని. ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో మా చర్చిలో ఆడవాళ్ల వైపు చాపలు సగం ఖాళీ. విశ్వాసం సన్నగిల్లుతోందని పెద్దలం నిట్టూర్చేవాళ్లం. బైబిల్లోని లవొదికయ ఊరి సంఘం భక్తిలో నులివెచ్చగా ఉందన్న ప్రసంగం కూడా ఆ నెలల్లోనే పడేది. అది నా గురించేనని నాకు తట్టలేదు! చివరికి స్త్రీల కూడికలోంచి ఒక అమ్మాయి లేచింది. "బాబాయ్, అవి మిరప కోతల రోజులు. తెల్లారకముందే ఆటో ఎక్కి పోతారు. పదింటి ఆరాధనకు ఎలా వస్తారు? ఆ రెండు నెలలూ రాత్రి ఏడింటికి ఇంకోటి పెట్టండి." నేనేమన్నానో పైనే చెప్పాను కదా.

అందుకే రెండో పని: కొత్త మాట విన్న రోజు జవాబు చెప్పకండి. మినిట్స్ పుస్తకంలో రాసి, తర్వాతి మీటింగుకు వాయిదా వేయండి. నోరు కట్టుకోవడం పెద్దలకు కష్టమే, నాకైతే మరీ.

వాయిదా మధ్యలో బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చదవండి. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగు వచ్చింది. అపొస్తలులు, అంటే యేసు ముఖ్య శిష్యులు, ఆ సణుగును తప్పు పట్టలేదు. ఏడుగురిని ఏర్పరచమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, నీకానోరు, తీమోను... ఏడూ గ్రీకు పేర్లే. మా పాస్టరు అయ్యగారు ఇది చూపించాక, రాత్రి ఆరాధన బాధ్యత ఆ అమ్మాయికే ఇచ్చాం. అడిగినవాళ్లకే పని అప్పజెప్పండి. ఉత్త ఫిర్యాదో, అక్కర ఉన్న మాటో వారంలో తేలిపోతుంది.

పాతదే పవిత్రం అనే పెద్దమనిషి ప్రతి కమిటీలోనూ ఒకరుంటారు. ఆయనతో వాదన వద్దు, తెలంగాణలోని దోర్నకల్ తీసుకెళ్లండి. అక్కడ 1939లో ప్రతిష్ఠించిన కథీడ్రల్లో, అంటే బిషప్పు గారి పెద్ద చర్చిలో, గుడి స్తంభాల పోలికా, మసీదు గుమ్మటాల పోలికా కలిసి కనిపిస్తాయి. దాన్ని కట్టించిన అజరయ్య గారు 1912లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు అయ్యారు. ఆరోజుల్లో అదీ కొత్తే. కీబోర్డు విదేశీ వాయిద్యం అనేవాళ్లకు హార్మోనియం పుట్టిల్లు కూడా యూరపేనని గుర్తుచేయండి, కాస్త మెల్లగా.

ఏదైనా ఆరు ఆదివారాలకే మొదలుపెట్టి, ఆపే తేదీ ముందే రాసుకోండి. వస్తువైతే కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. పాటల కోసం మేం ప్రొజెక్టర్ తెచ్చాం. రెండో వారం కరెంటు పోయింది. ముసలమ్మలు మాత్రం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కంఠతా పాడుతూనే ఉన్నారు, గోడ వైపు చూస్తూ నిలబడిపోయింది కుర్రాళ్లే. మూడో వారమే తిరిగి ఇచ్చేశాం, ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. విశ్వాస ప్రమాణం, బాప్తిస్మం లాంటివి మాత్రం ఈ ప్రయోగాల్లోకి లాగకండి.

రాత్రి ఆరాధనకు మొదటి వారం 11 మంది వచ్చారు. మిరపకాయల ఘాటుకు అరచేతులు మండుతుంటే ఒకావిడ చప్పట్లు కొట్టకుండానే పాడింది. మినిట్స్‌లో అది ఇంకా "ప్రయోగం" అనే ఉంది. ఏటా జనవరిలో మళ్లీ చర్చకు పెట్టి, మళ్లీ ఆరు వారాలకు ఒప్పుకుంటాం.