ఏఐ రాసిన కోడ్ దారి తప్పుతోందా? ప్రాంప్టులో ఏ గడి ఖాళీగా ఉందో చూడండి

కో-స్టార్ అనే ప్రాంప్టు (ఏఐకి మనం రాసిచ్చే సూచన) చట్రం గురించి చాలామంది వినే ఉంటారు. సందర్భం, లక్ష్యం, శైలి, స్వరం, పాఠకులు, జవాబు రూపం అని ఆరు గడులు. మెయిలో వ్యాసమో రాయించుకోవడానికి బాగుంటుంది. కోడింగ్‌కి వచ్చేసరికి శైలి, స్వరం, పాఠకులు అనే మూడు గడులకు పెద్దగా పనుండదు. నిజంగా కావాల్సిన రెండు, అంటే "ఏది ముట్టుకోకూడదు", "పని అయిందని ఎలా తెలుస్తుంది" అన్నవి అందులో విడిగా లేనే లేవు. అందుకే నేను ముందే గడులన్నీ నింపుకుంటూ కూర్చోను. కోడ్ ఎక్కడ చెడిందో చూసి, ఆ జబ్బుకు సరిపడే గడి చేరుస్తాను.

కింది ఉదాహరణలన్నీ చిట్ ఫండ్ లెక్కల యాప్‌వి. రిజిస్టర్డ్ చిట్ కంపెనీ నడిపే మా బంధువొకాయన కోసం చేస్తున్నాను. కోడ్ రాసే ఏఐ టూల్స్ కోపైలట్, కర్సర్, క్లాడ్ కోడ్, వీటిలో ఏది వాడినా జబ్బులు దాదాపు ఇవే.

లక్షణం: కోడ్ ఎర్రర్ లేకుండా నడుస్తుంది, లెక్క మాత్రం మనది కాదు

నా మొదటి ప్రాంప్టు ఇది: "నువ్వు 20 ఏళ్ల అనుభవం ఉన్న సీనియర్ డెవలపర్‌వి. చీటీ పాట అయ్యాక ఒక్కో సభ్యుడు ఎంత కట్టాలో లెక్కగట్టే ఫంక్షన్ రాయి." నిమిషంలో ఇచ్చేసింది. చూడముచ్చటైన కోడ్, కామెంట్లతో సహా. తీరా చూస్తే కమిషన్‌ను చీటీ మొత్తం మీద కాకుండా పాట తగ్గింపు (పాడుకున్నవాళ్లు వదులుకునే మొత్తం) మీద వేసింది. డివిడెండ్‌ను చీటీ పాడుకున్నవాళ్లకు ఎగ్గొట్టి మిగతావాళ్లకే పంచింది.

కారణం: మనం చెప్పకుండా వదిలేసిన ప్రతి చోటా అది తనకు తోచింది పెడుతుంది, ఊహించానని చెప్పదు. ఈ విషయంలో ఊహకు చోటు చాలానే ఉంది. పాడుకున్నవాళ్లకు డివిడెండ్ ఇవ్వని పద్ధతి కొన్ని చోట్ల ఉంది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టంలో ఫోర్‌మన్ (చీటీ నడిపేవాళ్లు) కమిషన్ పరిమితి 5 శాతం, 2019 సవరణతో అది 7 శాతమైంది. మన చీటీలో ఏది నడుస్తోందో దానికెలా తెలుస్తుంది? "సీనియర్ డెవలపర్‌వి" అన్నంత మాత్రాన మన అగ్రిమెంటు తెలిసిపోదు కదా.

పరిష్కారం: పాత్ర వర్ణన తీసేసి, చేత్తో వేసిన ఒక లెక్క పెట్టండి. నేను ఇలా మార్చాను:

"30 మంది, నెలకు 5,000, చీటీ మొత్తం 1,50,000. కమిషన్ చీటీ మొత్తం మీద 5 శాతం, అంటే 7,500. పాట తగ్గింపు 30,000 అనుకో. అందులో కమిషన్ పోగా 22,500. దాన్ని పాడుకున్నవాళ్లతో సహా 30 మందికీ పంచాలి, తలకు 750. ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 4,250. వసూలయ్యేది 1,27,500. అందులో 1,20,000 ఆ నెల పాడుకున్నవాళ్లకి, 7,500 కమిషన్‌కి పోతే సున్నా మిగలాలి. కోడ్ రాసే ముందు, నేను చెప్పనివి ఏమేం ఊహించుకుంటున్నావో రాసి ఆగు."

ఆ చివరి వాక్యం చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఊహల జాబితాలో "డివిడెండ్‌ను దగ్గరి రూపాయికి సరిచేస్తాను" అని వచ్చింది. నాకు తట్టని సంగతి. తగ్గింపు 31,000 అయితే పంచాల్సింది 23,500, తలకు 783 రూపాయల 33 పైసలు చిల్లర. రూపాయల్లోకి దించి 783 చొప్పున పంచితే నెలకు 10 రూపాయలు మిగిలిపోతాయి. అవి ఎవరి ఖాతాలో వేయాలి? మా బంధువుకి ఫోన్ చేస్తే ఆయనా ఒక్క క్షణం ఆలోచించి, "వచ్చే నెల డివిడెండ్‌లో కలిపెయ్" అన్నారు. ఇలాంటి నిర్ణయం ఏఐకి వదిలేస్తే ఎక్కడో ఒక లైన్లో చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది.

లక్షణం: ఒకటి అడిగితే పది ఫైళ్లు మార్చింది

రసీదులో తేదీ రోజు-నెల-సంవత్సరం వరసలో రావాలని అడిగాను, అంతే. తేదీ సరిచేసి, దారిలో లెడ్జర్ ఫంక్షన్ల పేర్లు మార్చి, డేటాబేస్‌లో ఒక కాలమ్ కూడా "మెరుగుపరిచింది".

కారణం: హద్దులు చెప్పలేదు. కంటపడ్డ ప్రతిదాన్నీ బాగుచేయడం దాని దృష్టిలో సాయం చేయడమే.

పరిష్కారం: హద్దుల గడి. "రసీదు టెంప్లేట్ ఒక్కటే మార్చు. లెడ్జర్, డేటాబేస్ స్కీమా ముట్టుకోవద్దు. ఇంకేదైనా మార్చక తప్పదనిపిస్తే మార్చకుండా చెప్పు." పని పెద్దదైతే ముందు ఏ ఫైల్లో ఏం మారుస్తావో ప్లాన్ అడగండి, చదివాకే సరేననండి. ప్రాంప్టు ఎంత బాగా రాసినా, పని అప్పజెప్పే ముందు గిట్‌లో (కోడ్ పాత రూపాలను దాచే టూల్) కమిట్ చేసుకోవడం మాత్రం మానకండి.

లక్షణం: లేని ఫంక్షన్, పాతబడిన పద్ధతి, ఎవరూ వినని లైబ్రరీ

కారణం: శిక్షణలో చూసిన కోడ్‌లో పాతదే ఎక్కువ. పైథాన్‌లో డేటాను సరిచూసే పైడాంటిక్ లైబ్రరీ రెండో వెర్షన్ 2023 జూన్‌లో వచ్చి వ్యాలిడేటర్లు (సరిచూసే ఫంక్షన్లు) రాసే తీరు మార్చింది. అయినా మనం వెర్షన్ చెప్పకపోతే మొదటి వెర్షన్ పద్ధతి దిగుతూనే ఉంటుంది. పైథాన్ 3.12 నుంచి వాడొద్దంటున్న యూటీసీనౌ (ఇప్పటి సమయం ఇచ్చే ఫంక్షన్) సంగతీ అంతే.

పరిష్కారం: వెర్షన్లు మీ జ్ఞాపకంలోంచి కాకుండా లాక్ ఫైల్లోంచి (ప్రాజెక్టు వాడే లైబ్రరీల కచ్చితమైన వెర్షన్లు ఉండే ఫైలు) తీసి పెట్టండి. కొత్త లైబ్రరీ అయితే డాక్యుమెంటేషన్‌లో ఆ పేజీని అతికించండి. అది చెప్పిన కొత్త ప్యాకేజీని మాత్రం ఇన్‌స్టాల్ చేసే ముందు పైపీఐలో (పైథాన్ ప్యాకేజీలు దొరికే సైటు) ఒకసారి చూడండి. ఏఐ ఊహించే పేర్లతోనే హానికరమైన ప్యాకేజీ పెట్టి కాచుకునేవాళ్లు ఉండొచ్చు. ప్యాకేజీ దొరికింది కదా అని అది మంచిదని కాదు.

లక్షణం: టెస్టులన్నీ పాస్, అయినా లెక్క తప్పు

"ఈ టెస్టు పాసయ్యేలా చెయ్" అంటే దానికి రెండు దారులు: కోడ్ సరిచేయడం, లేదా టెస్టునే సడలించడం. నాకైతే ఒకసారి తగ్గింపు 30,000 వచ్చినప్పుడు 750 తిరిగిచ్చేలా నేరుగా రాసిపెట్టింది. పిల్లలు లెక్కలపుస్తకం వెనక జవాబు చూసి రాసినట్టు.

కారణం: మనం పెట్టిన లక్ష్యం పాసవడమే గానీ లెక్క సరిగ్గా రావడం కాదు.

పరిష్కారం: "టెస్టు ఫైలు మార్చొద్దు. టెస్టే తప్పనిపిస్తే ఆగి చెప్పు" అనండి. ఒకట్రెండు లెక్కలు ప్రాంప్టులో పెట్టకుండా మీ దగ్గరే దాచుకోండి. 31,000 లెక్కను నేను ఇప్పుడు అలాగే వాడుతున్నాను.

లక్షణం: చాట్ సాగేకొద్దీ మొదట చెప్పినవి మర్చిపోతుంది

కారణం: దాని ముందున్న పాఠం పొడవయ్యేకొద్దీ మధ్యలో ఉన్నవాటి మీద పట్టు తగ్గుతుంది. మొదట్లోనో చివర్లోనో ఉన్న సమాచారాన్ని మోడళ్లు బాగా వాడుకుంటాయనీ, మధ్యలోది జారవిడుస్తాయనీ 2023లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. కొన్ని టూల్స్ పాత సంభాషణను కుదించి సారాంశంగా మార్చేస్తాయి. అందులోనూ కొన్ని ఎగిరిపోతాయి.

పరిష్కారం: పని మారితే చాట్ మార్చండి. ఎప్పటికీ మారని నియమాలను ప్రాజెక్టులోనే ఫైలుగా ఉంచండి. క్లాడ్ కోడ్‌కి క్లాడ్.ఎండీ, చాలా టూల్స్‌కి ఏజెంట్స్.ఎండీ అనే ఫైలు. అలాగని దాన్ని పెళ్లి సామాను జాబితాలా పెంచొద్దు. నాది ఒక దశలో 200 లైన్లు దాటింది, అసలు నియమాలే అందులో కలిసిపోయాయి. ఇప్పుడు 25 లైన్లు. డబ్బు పైసల్లో పూర్ణాంకంగా దాచాలి, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌తో మొదలు, టెస్టు నడిపే కమాండ్ ఇది, వగైరా.

లక్షణం: అదే ఎర్రర్, అవే క్షమాపణలు, మళ్లీ అదే ఎర్రర్

మూడోసారి "ఇంకా రావట్లేదు" అని టైప్ చేయకండి. ఆ చాట్‌లో ఇప్పటికే రెండు తప్పు పరిష్కారాలు ఉన్నాయి, మూడోది వాటి మీదే కడుతుంది. గిట్‌లో వెనక్కి వెళ్లి కొత్త చాట్ తెరిచి, ఎర్రర్ పూర్తి పాఠం, ఏం చేస్తే వచ్చింది, ఏమేం ప్రయత్నించి విఫలమయ్యాం అన్నవి ఇచ్చి, "కోడ్ మార్చకుండా కారణాలు మాత్రం చెప్పు, ఏది నిజమో తేల్చుకోవడానికి ఏ లాగ్ (ప్రోగ్రాం నడిచేటప్పుడు రాసుకునే నమోదు) చూడాలో చెప్పు" అనండి.

లక్షణం: రసీదులో తెలుగు పేర్లు విరిగిపోతున్నాయి

ఇది మనకే వచ్చే తంటా. పేరు 5 అక్షరాలకు మించితే కత్తిరించమంటే, "లక్ష్మి" కాస్తా "లక్ష్" అయింది. మన కంటికి రెండక్షరాలు. పైథాన్ పొడవు అడిగితే 7 అంటుంది, ఎందుకంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అన్నీ విడివిడి యూనికోడ్ సంకేతాలు (కోడ్‌పాయింట్లు).

కారణం: ప్రాంప్టులో "పేరు" అన్నాను గానీ ఒక్క తెలుగు పేరూ చూపించలేదు. ఇంగ్లీషు పేర్లతో టెస్టులు రాసుకుని సంతోషించింది.

పరిష్కారం: నమూనా డేటా గడిలో లక్ష్మి, కృష్ణమూర్తి, జ్యోత్స్న లాంటి వత్తులున్న పేర్లు పెట్టి, "కోడ్‌పాయింట్లతో కాకుండా కంటికి కనిపించే అక్షరాలతో లెక్కపెట్టు" అని రాయండి. జావాస్క్రిప్ట్‌లో ఇంటిల్ సెగ్మెంటర్, పైథాన్‌లో రెజెక్స్ అనే విడి ప్యాకేజీ ఇందుకు పనికొస్తాయి. సంయుక్తాక్షరాలను విడగొట్టని నియమం యూనికోడ్‌లోకి 2023లోనే వచ్చింది కాబట్టి, వాడే వెర్షన్‌లో "క్ష్మి" ఒకటిగా వస్తోందో లేదో టెస్టు పెట్టి చూసుకోండి. నమూనాకి పెట్టే పేర్లు కల్పించినవే అయ్యుండాలి. సభ్యుల అసలు జాబితా, ఫోన్ నంబర్లు, ఆధార్ ప్రాంప్టులో అతికించొద్దు.