మేక ఇలా చేస్తోందేంటి? అలవాటా, జబ్బా?

రాత్రంతా అరుస్తోంది, మేత ముట్టడం లేదు
ముందుగా దాని వెనకవైపు చూడండి. అదేపనిగా తోక ఊపుతూ, మానం ఎర్రగా ఉబ్బి, జిగురు కారుతుంటే ఎదకు వచ్చినట్టే. మందులతో పనిలేదు. ఎద ఒకటి, ఒకటిన్నర రోజులు ఉంటుంది. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున పోతుతో దాటించండి. ఆ తేదీ గోడ మీదైనా సరే రాసిపెట్టుకోండి. మూడు వారాలకు మళ్లీ అదే గోల మొదలైతే చూలు నిలవలేదన్నమాట. నిలిస్తే సుమారు 150 రోజులకు ఈనుతుంది.

ఆ లక్షణాలేవీ లేకుండా, సంత నుంచి ఒక్కదాన్నే తెచ్చి కట్టేసి ఉంటే అది తోడు కోసం అరుస్తోంది. మేకలు కొంటే రెండు కొనాలి.

వేసిన మేతంతా తొక్కి పారేస్తోంది
మేక ఏదైనా తింటుందనేది ఉత్త మాట. లేత ఆకును పెదవులతో ఏరి మరీ తెంపుకుంటుంది. కింద పడి ఉచ్చ, పెంటికలు అంటిన రెమ్మ జోలికి పోదు. సుబాబుల్, అవిశ రెమ్మల్ని కట్టగా కట్టి, తల ఎత్తితే అందేలా దూలానికి వేలాడదీయండి. కట్ట ఒక్కటే ఉంటే కొమ్ముల మేక దగ్గరికి ఎవర్నీ రానివ్వదు, బక్కది దూరంగా నిలబడి చూస్తుంది. పెద్దరికం కోసం పొడుచుకోవడం మందలో మామూలే, మీరు విడదీసినా మళ్లీ తేల్చుకుంటాయి. కట్టలే దూరం దూరంగా నాలుగైదు చోట్ల పెట్టండి.

గోడ నాకుతోంది, మట్టి తింటోంది
చాలాసార్లు ఉప్పు, ఖనిజాల లోటే. ఖనిజ లవణాల ఇటుక వేలాడదీయండి. నట్టల మందు ఎప్పుడు తాగించారో కూడా గుర్తుచేసుకోండి.

ఈనిన మేక పిల్లను తన్నేస్తోంది
తల్లిని తిట్టేముందు పొదుగు పట్టుకుని చూడండి. వేడిగా, గట్టిగా ఉంటే పొదుగువాపు, నొప్పికి తంతోంది. డాక్టర్‌ను పిలవాలి. మెత్తగానే ఉంటే చిక్కు వాసన దగ్గరుంది. ఈనగానే పిల్లను నాకి తల్లి ఆ వాసన పట్టేస్తుంది. ఆ కాసేపట్లో పిల్లను విడదీస్తే తర్వాత దగ్గరికి రానివ్వకపోవచ్చు. తల్లిపాలే పిల్ల వీపుకు, తోక కిందా రాసి, తల్లిని పట్టుకుని తాగించండి. జున్నుపాలకు మాత్రం తల్లి ఒప్పుకునేదాకా ఆగొద్దు, మొదటి గంటలోనే పిండి పట్టేయండి.

అరవదు, పొడవదు, మందకు దూరంగా మూలన నిలబడింది
అన్నిటికన్నా టెన్షన్ పడాల్సింది దీనికే. నెమరు ఆగిందా, పళ్లు కొరుకుతోందా చూడండి. ఎడమ డొక్క ఉబ్బి, తడితే డప్పులా మోగితే కడుపుబ్బరం. గింజలు ఎక్కువ తిన్నా, తడి మీదున్న లేత పచ్చిమేత మేసినా వస్తుంది. ముందుకాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి డొక్క రుద్దుతూ, ఆలస్యం చేయకుండా పశువుల అంబులెన్స్ నంబర్ 1962కు ఫోన్ చేయండి. పడిపోయిన మేక నోట్లో నూనె పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.